బొమ్మ డాక్టరుది, మాట నవనీతది

కోరుట్లలో ఆమెను 'రొట్టెల నవనీత' అంటారు. ఆమె రొట్టెలు అమ్మదు. ఇంట్లో చేసినా అవి గుండ్రంగా రావు, ఆ సంగతి ఆమె భర్త సతీశ్ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాడు. షుగర్ జబ్బుకు రొట్టె మందు కాదని, నిండు సభలో ఒక పెద్ద డాక్టరు ముఖం మీదే అన్నందుకు వచ్చిన పేరది. కొందరు గౌరవంగా అంటారు, కొందరు ఎకసెక్కంగా అంటారు. రెండింటికీ ఆమె ఒకేలా పలుకుతుంది. పేరు పెట్టినవాళ్ల మీద ఆమెకు కోపం లేదు. కోపమంతా పేరు లేకుండా మాట్లాడేవాళ్ల మీదే. అలా మాట్లాడిన కాలం ఆమెకూ ఒకటి ఉంది మరి. ఆ కాలం చేసిన చెరుపు ఆమె పుట్టింట్లోనే చేతికర్ర పట్టుకుని తిరుగుతోంది.

పుట్టింది పెగడపల్లిలో, గౌడుల ఇంట్లో. తండ్రి రాజమల్లు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. కల్లు మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, "ఎవ్వని కల్లు? ఎంత తాగినంక?" అని ఎదురడిగేవాడు. బావులు ఎండి, తాళ్లు కొట్టేసి, రోడ్డు వెంట ప్లాట్ల రాళ్లు పాతాక ఆయన చెట్టెక్కే మోకు, ముస్తాదు ఇంటి దూలానికి ఎక్కాయి. కొడుకు మహేశ్ చెట్టు ఎక్కనే లేదు. "చెట్టెక్కి పడుడు కన్న ఇమానమెక్కి పోవుడు నయం" అని మస్కట్ దారి పట్టాడు. ఆ ఏళ్లలో అందరిదీ అదే దారి. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు ఆగి ఆగి నడుస్తున్నాయి, ఎల్లారెడ్డిపేట వైపు వానలు ముఖం చాటేశాయి, ఊళ్లో పాస్‌పోర్టు లేని మగవాడంటే ముసలివాడో పసివాడో అయి ఉండాలి.

నవనీత జగిత్యాలలో బీఎస్సీ చదివింది. టీచరు పరీక్ష రాసింది, రాలేదు. మళ్లీ రాసింది, మళ్లీ రాలేదు. సతీశ్‌ను చేసుకుని కోరుట్ల కాపురానికి వచ్చింది. అతనిది కాలిన మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. ఇంట్లో కూర్చోబుద్ధి కాక ఆమె ఒక దినపత్రికకు కోరుట్ల విలేకరిగా చేరింది. మొదట్లో ప్రెస్‌మీట్లలో ఆమెకు కుర్చీ వేయడం మరిచిపోయేవాళ్లు. ఆమె వెనక్కి వెళ్లి తనే ఒక కుర్చీ మోసుకొచ్చి, ముందు వరుసలో లీడరు మోకాళ్లకు తగిలేలా వేసుకుని కూర్చునేది. రెండు మూడు సార్లయ్యాక వాళ్లే వేయడం మొదలుపెట్టారు.

ఇక పత్రికలో వచ్చే బాక్సు సంగతి. ప్రతి మంగళవారం జిల్లా పేజీలో ఒక మూలన గీతలు గీసిన పెట్టె ఒకటి వచ్చేది. పైన 'ఆరోగ్య సలహా' అని ఉండేది, పక్కన డాక్టర్ రామస్వామి బొమ్మ ఉండేది. ఆయన జగిత్యాలలో పేరున్న షుగర్ డాక్టరు. పండగలకు ఆయన పత్రికకు ప్రకటనలు ఇచ్చేవాడు, పత్రిక ఆయనకు ఆ పెట్టె ఇచ్చింది. రాయడానికి ఆయనకు తీరిక ఎక్కడిది? రాసేది విలేకరి. చిన్న ఊళ్ల పత్రికల్లో ఇది మామూలు. డాక్టరు చదవడు, డెస్కువాళ్లు పొడవు కొలుస్తారు, జనం నమ్ముతారు. పెళ్లి ఊరేగింపులో వాయించేది ఒకరు, గుర్రమెక్కేది ఒకరు, ఇందులో మోసమేముంది అనుకున్నారు. నవనీత కూడా అలాగే అనుకుంది. బీఎస్సీ చదివింది కదా అని బాక్సు పని ఆమెకే వచ్చింది. బొమ్మ ఎవరిదో మాట వారిదే అనే కట్టుబాటు ప్రకారం పుట్టింట్లో కూడా చెప్పలేదు. పుట్టింటివాళ్లకు తెలిసినంత వరకు ఆమె రాసేది రోడ్డు ప్రమాదాలు, మండల మీటింగులు.

డాక్టరు చెడ్డవాడేం కాదు. హైదరాబాదులో పుట్టి పెరిగి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. ఒక రోగి లేచి ఇంకో రోగి కూర్చునే లోపల నవనీతకు రెండు ముక్కలు చెప్పేవాడు. ఒకసారి, "రైస్ మానెయ్యమని రాయమ్మా. చపాతీ అలవాటు చేసుకోమను, చాలు" అన్నాడు. ఆ రెండు ముక్కలను ఆమె నాలుగు పేరాలు చేసింది. బొమ్మ కింద 'కడుపుకు చెప్తె వినదు, కంచానికి చెప్పాలె' అని ఒక మాట కలిపింది. పైన 'అన్నం బంద్, రొట్టె షురూ' అని తనే శీర్షిక పెట్టింది. రాసినప్పుడు ఆమెకు తన మీద తనకే ముచ్చటేసింది.

ఆ శీర్షిక ఊళ్లకు ఊళ్లు తిరిగింది. కోరుట్ల బస్టాండు పక్కన సాయంత్రమైతే స్టవ్వులు వెలిగేవి, 'ఇచ్చట షుగర్ చపాతీ దొరుకును' అని అట్టముక్కలు వేలాడేవి. పెళ్లిళ్లలో షుగరున్నవాళ్లకు వేరే బల్ల వేసేవాళ్లు. ఆ బల్ల దగ్గర పెద్దమనుషులు ఆలుగడ్డ కూరతో ఏడెనిమిది చపాతీలు లాగించి, అన్నం మెతుకు ముట్టలేదని అందరికీ చూపించి చేతులు కడుక్కునేవాళ్లు. సారంగాపూర్‌లో దేవయ్య అనే పెద్దాయన రొట్టెలు తిన్నాక పెరుగన్నం కూడా తినేవాడు. అదేమిటంటే, "గది అన్నం కాదు, సలువ" అనేవాడు. నవనీత కూడా నవ్వేది. నవ్వాల్సిన సంగతి కాదని అప్పటికి తోచలేదు.

ఆ రోజుల్లోనే మహేశ్ సెలవు మీద వచ్చాడు. నీరసంగా ఉందని పరీక్ష చేయిస్తే షుగరని తేలింది. డాక్టర్ల మాట వినే రకం కాదు అతను. చిన్నప్పుడు జ్వరం మాత్రను కూడా నాలుక కింద దాచి గోడవతల ఊసేవాడు. కానీ ఈసారి ఎందుకో మారు మాట్లాడకుండా అన్నం మానేశాడు. తల్లి పోచవ్వ ఏడ్చినా కంచంలో బువ్వ పెట్టనివ్వలేదు. అలాగే మస్కట్ వెళ్లిపోయాడు. పోనీలే, పేపర్లో మాటైనా విన్నాడని నవనీత సంతోషించింది.

రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చినప్పుడు అతని కుడిపాదంలో సగం లేదు. బూటు ఒరిసి పుండయింది, పుండు మానలేదు, అక్కడి ఆస్పత్రిలో వేళ్లతో పాటు పాదం ముందు భాగం తీసేశారు. పోచవ్వ కొడుకు ముందు కంచం నిండా వేడి బువ్వ పెట్టింది. అతను కంచం పక్కకు జరిపాడు.

"అద్దే అవ్వా. రొట్టె ఉంటె పెట్టు."

"గా దేశంల ఏం తిన్నవన్నా?" అని అడిగింది నవనీత.

"ఖుబూస్. గోధుమ రొట్టెనే, గింత పెద్దగ ఉంటది. క్యాంపుల కుప్పలు కుప్పలు పెడ్తరు. బువ్వ మాత్రం ముట్టలే చెల్లె, ఒట్టు."

"ఎన్ని తింటుంటివి?"

"రొట్టెకు లెక్కేంది? ఆకలైనన్ని తిన్న. ఎండల ఇనుము మోసెటోనికి ఆకలెంతైతదో నీకేమెరుక?"

నవనీత పాత బాక్సును మనసులో మళ్లీ చదువుకుంది. తను రాసిన నాలుగు పేరాలు తలకిందులుగా చదివినా ఎన్ని అనే మాట లేదు. డాక్టరు చెప్పలేదు, తను అడగలేదు. ఒక గింజను మానిపించి ఇంకో గింజ చేతిలో పెట్టి, ఇది మందు అని రాసింది. మందు అన్నాక మనిషి నిష్ఠగా తింటాడు. అన్నగారు పథ్యం చేశాననే అనుకుంటూ రోజూ కడుపు నిండా అదే జబ్బును పెంచుకున్నాడు.

అలాగని ఆమె తొందరపడి అబద్ధం రాసుకునే మనిషి కాదు. కాలు తీసింది రొట్టె ఒక్కటే అని ఆమె ఎన్నడూ అనలేదు. మాత్రలు అయిపోయిన నెలలున్నాయి, ఎండ ఉంది, బిగుతు బూటు ఉంది, పుండును చూపించుకోవడానికి సెలవు ఇవ్వని పని ఉంది. అన్నింటిలో తన వాటా ఎంత అన్నదే ఆమెకు కావలసింది. అది తెలుసుకోవాలంటే చదవాలి, అడగాలి, తిరగాలి. తర్వాత జరిగిందల్లా అక్కడే మొదలైంది.

కోరుట్లలో ఇంటర్నెట్ సెంటరువాడు ఆమెకు ఒక కుర్చీ విడిగా ఉంచేశాడు. హైదరాబాదులో ఆహారం మీద పరిశోధన చేసే ఒక పెద్దావిడకు ఫోన్ చేసి విసిగించింది. ఆవిడ ఓపికగా చెప్పింది: బియ్యమైనా గోధుమైనా కడుపులోకి పోయాక చివరికి చక్కెరే అవుతుంది, మైదాలా మెత్తగా పట్టిన పిండైతే ఇంకా తొందరగా అవుతుంది, ఎంత తిన్నావు, పక్కన పప్పు, కూర ఏం పెట్టుకున్నావు అన్నది చూడాలి. నవనీత అంతటితో ఊరుకోక మహేశ్‌ను కూర్చోబెట్టి ఒక రోజు అన్నం, ఇంకో రోజు అదే తూకం పిండితో చేసిన రొట్టెలు పెట్టి వేలు పొడిచి చూసింది. "నన్ను ఎలుకను జేసినవు గదనే" అన్నాడు మహేశ్. మిషన్‌లో అంకెలు అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఒక మనిషి మీద చూసింది సైన్సు కాదని ఆమెకు తెలుసు. అయినా ఆ రెండు అంకెలు చూశాక ఇక ఆమెకు కుదురు లేదు.

ఊళ్లు తిరిగింది. ఏం తినాలో ఎవరికీ చెప్పలేదు, నిన్న ఏం తిన్నారని మాత్రమే అడిగింది. సిరిసిల్లలో ఎల్లవ్వ అనే ముసలామె బీడీలు చుడుతుంది, ఆమె మొగుడు సాంచాల మీద పనిచేసి చేసి మంచాన పడ్డాడు. షుగర్ ఇద్దరికీ ఉంది.

"నిన్ననా? పొద్దుగాల చాయ్‌ల బన్ను తిన్న. మాపటికి గూడ బన్నే" అంది ఎల్లవ్వ.

"బన్నెందుకు తింటున్నవవ్వా?"

"బువ్వ బంద్ జెయ్యమన్నరు గద. రొట్టెలు ఒత్తుకుంట కూసుంటె నా బీడీలు ఎవలు జేస్తరు? బన్ను గూడ గోధుమదేనట." ఆమె ఆకు కత్తిరిస్తూనే మాట్లాడింది. "మా చిన్నప్పుడు బువ్వ పండుగకే ఉండె బిడ్డా, కడమ దినాలన్ని జొన్న గట్కనే. గిప్పుడు గింత బియ్యం అచ్చి కడుపు నిండ బువ్వ తిందామనుకునేసరికి బంద్ జెయ్యిమనిరి. గా మాట శెప్పినోన్ని ఒక్కపారి జూడాలె."

"ఎవలు చెప్పిన్రు?"

"పేపర్ల అచ్చింది. డాక్టరు బొమ్మ గూడ ఉండె."

గా మాట చెప్పింది నేనేనవ్వా అనకుండానే నవనీత లేచి వచ్చేసింది. బస్సెక్కాక తన మీద తనకే అసహ్యం వేసింది. ఎల్లవ్వకు చెప్పాలంటే ముందు మహేశ్‌కు చెప్పాలి. పాదం పోయిన అన్న ముందు నిలబడి, నువ్వు నమ్మింది నా మాటనే అని ఎట్లా చెప్పడం? చెప్పకుండా ఎన్నాళ్లు ఉండడం? డాక్టరుతో, పత్రికతో కొట్లాడటానికి ఆమె ఎప్పుడో సిద్ధమైంది. అన్న ముఖం చూడటానికే ధైర్యం చాలలేదు.

ముందు పత్రికతో పెట్టుకుంది. 'రొట్టె మందు కాదు' అని కథనం రాసి, అది అదే బాక్సులో, తన పేరుతో రావాలని కరీంనగర్ డెస్కుకు వెళ్లింది. డెస్కు ఇన్‌చార్జి జనార్దన్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చదివాడు.

"ఇది డాక్టర్లు రాయవలసింది నవనీతా. నీ డిగ్రీ ఏంది?"

"బాక్సు రాసినన్ని దినాలు నా డిగ్రీ ఎవలన్న అడిగిన్రా సార్?"

జనార్దన్ కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఆ బాక్సు నువ్వు రాసినవని ఎక్కడన్న అచ్చయిందా? కాలే. నువ్వు రాయనిదాన్ని నువ్వెట్ల దిద్దుతవు?"

పెద్ద పెద్ద కోర్టుల్లో కూడా ఇంత చక్కని వాదం వినబడదు. రాసినప్పుడు ఆమెకు పేరు లేదు కాబట్టి దిద్దడానికి హక్కు లేదు. నవనీత కాగితాలు తీసుకుని, అయితే ఇక బాక్సు రాయనని చెప్పి వచ్చేసింది. డాక్టరుకు రాయడం రాదు, డెస్కులో ఎవరికీ తీరిక లేదు, చూద్దాం ఏం చేస్తారో అనుకుంది. వాళ్లు చేసింది ఆమె ఊహకు కూడా రాలేదు. పాత బాక్సులే మళ్లీ వేయడం మొదలుపెట్టారు. ఒక మంగళవారం పొద్దున సతీశ్ పేపరు విప్పి ఆమె చేతికిచ్చాడు. 'అన్నం బంద్, రొట్టె షురూ'. ఆమె మాటలనే ఆమె మీదికి ఉసిగొలిపారు.

"ఇగ ఇడిసిపెట్టరాదు. గోడకు తల కొట్టుకుంటె తలనే పల్గుతది" అన్నాడు సతీశ్.

"పల్గితె పల్గనీ. గోడకు గూడ రక్తం అంటుతది గద" అంది నవనీత.

ఆ నెలలోనే జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో షుగర్ క్యాంపు పెట్టారు. ఉచితంగా రక్త పరీక్ష, పాదాల పరీక్ష, ముందు డాక్టర్ రామస్వామి ఉపన్యాసం. ఊళ్ల నుంచి జనం ఆటోల్లో దిగారు. నవనీత విలేకరుల వరుసలో కూర్చుంది. వెనక్కి తిరిగి చూస్తే మూడో వరుసలో మహేశ్ ఉన్నాడు, కర్ర కాళ్ల మధ్య నిలబెట్టుకుని. పాదం చూపించుకోవడానికి పోచవ్వ పంపింది. అతన్ని చూడగానే నవనీత ముందుకు తిరిగిపోయింది. ఇవ్వాళ వద్దు, ఇంకో రోజు అడుగుదాం అనిపించింది. అలా అనిపించినందుకే లేచి నిలబడింది. ఇంకో రోజంటే అన్న లేని రోజని అర్థమని ఆమెకు తెలుసు.

డాక్టరు అన్నం గురించి చెప్పి చపాతీ దాకా వచ్చాడు.

"సార్, ఒక్క మాట. ఎన్ని చపాతీలు?"

ఆయన కొంచెం తడబడ్డాడు. "అంటే... ఒకటి, రెండు. కూర ఎక్కువ పెట్టుకుని."

"రెండు రొట్టెలా? గవి పంటి కిందికి గూడ రావు" అని వెనక నుంచి ఎవరో ముసలాయన అన్నాడు. హాలంతా నవ్వింది.

"గా రెండనే ముచ్చట ఎన్నడన్న చెప్పిన్రా సార్?"

"చెప్పే ఉంటాను. పత్రికలో ప్రతివారం రాస్తూనే ఉన్నాను కదమ్మా."

"పత్రికల రాసింది మీరు కాదు సార్. నేను."

నవ్వులు ఆగిపోయాయి. పక్కనున్న విలేకరి ఆమె చీర కొంగు పట్టి లాగాడు. ఆమె కొంగు విదిలించుకుంది.

"బొమ్మ మీది, మాట నాది. అన్నం బంద్, రొట్టె షురూ అని రాసింది నేనే. ఎన్ని తినాలెనో మీరు చెప్పలే, నేను అడుగలే. రొట్టె మందని నమ్మి మనుషులు కుప్పలు కుప్పలు తిన్నరు. గందుల మా ఇంటి మనిషి గూడ ఉన్నడు. తప్పు ఇద్దరిది సార్. నా వాటా నేను ఒప్పుకుంటున్న. మీ వాటా మీరు చెప్పున్రి."

డాక్టరు ముఖం ఎర్రబడింది. కానీ ఆయన అబద్ధమాడలేదు, అది ఆయన మంచితనమే. "అమ్మా, నా గది బయట వంద మంది కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఎంత పిండి, ఎంత బియ్యం అని కొలిచి చెప్పే టైం నాకుందా? సులువుగా గుర్తుండే మాట ఒకటి చెప్పాలి, చెప్పాను."

"సులువుగనే గుర్తున్నది సార్. గందుకే గింత మంది గింత నిష్ఠగ తిన్నరు."

నిర్వాహకులు మైకు అందుకున్నారు. భోజనాలు సిద్ధమని ప్రకటించారు. ఆ గోలలో నవనీత మూడో వరుస వైపు చూసింది. మహేశ్ లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, కర్ర టకటకలాడించుకుంటూ బయటికి నడుస్తున్నాడు. ఆమె వెనకే నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

వారం తిరక్కముందే పత్రిక ఆమె గుర్తింపు కార్డు వెనక్కి తీసుకుంది. బాక్సు మాత్రం ఆగిపోయింది. ఆ చోట బంగారు దుకాణం ప్రకటన వేశారు. దిద్దుబాటు ఒక్క ముక్క కూడా వేయలేదు.

తర్వాత వింతలు మొదలయ్యాయి. రైస్ మిల్లుల పెద్దమనుషులు నలుగురు శాలువా పట్టుకుని ఇంటికి వచ్చారు. అందులో పెద్దాయన, "బువ్వ పరువు కాపాడిన ఆడబిడ్డవు. సన్మానం జేసుకుంటం" అన్నాడు.

"నేను బువ్వ మంచిదనలే గద" అంది నవనీత. "రొట్టెకు లేని మహిమ బువ్వకు యాడికెళ్లి అచ్చింది? పాలిష్ బట్టి తెల్లగ మెరిపిచ్చేది మీరే గద. గా ముచ్చట గూడ రాస్త, కూసోన్రి, చాయ్ తాగుతరా?"

వాళ్లు చాయ్ తాగలేదు. శాలువా మడత కూడా విప్పకుండా తీసుకుపోయారు.

మెట్‌పల్లి బస్సులో ఒకతను గుర్తుపట్టి, "అక్కా, నువ్వు చెప్పినంక బువ్వ మల్ల షురూ జేసిన. కుండ కుండ తింటున్న" అన్నాడు సంబరంగా. అతను దిగాల్సిన చోటు దాటిపోయేదాకా నవనీత అతన్ని చివాట్లు పెట్టింది. రొట్టె దేవుడు కాదంటే బువ్వను గుడిలో కూర్చోబెట్టే జనంతో ఎట్లా వేగేది? ఇన్నాళ్లూ డాక్టర్లతోనే పోట్లాటనుకుంది. సులువు మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న ప్రతివాడితోనూ పోట్లాటేనని అప్పుడు తెలిసింది.

కార్డు పోయింది కానీ చెయ్యి పోలేదు కదా. సిరిసిల్లలో సాంచాల కార్మికులు కొందరు పోగై నడిపే పక్షపత్రిక ఒకటి ఉంది. కాగితం నాసిరకం, అచ్చు మసక, పాఠకులు మాత్రం గట్టివాళ్లు. వాళ్లు ఆమెకు ఒక పేజీ ఇచ్చారు. ఆమె రెండే అడిగింది: తన పేరు పైన ఉండాలి, ఫోన్ నంబరు కింద ఉండాలి. చదివి కడుపు మండినవాడు నేరుగా తిట్టడానికి వీలుండాలి.

మొదటి కథనంలో అంతా రాసింది. బాక్సు ఎట్లా తయారయ్యేదో రాసింది, తను ఏం అడగలేదో రాసింది. ఎల్లవ్వ బన్ను గురించి రాసింది. పేరు చెప్పకుండా సగం పాదం గురించి రాసింది. తనకు తెలిసింది ఎంతో, తెలియంది ఎంతో విడదీసి రాసింది. అచ్చయ్యాక ముందుగా ఎల్లవ్వ ఇంటికి వెళ్లి చదివి వినిపించింది. ఎల్లవ్వ బీడీల చాట పక్కన పెట్టి, ఆమెను పైనుంచి కిందికి చూసి, "జూడాలనుకున్న, జూసిన. ఇగ కూసో, ఏం తినాలెనో సక్కగ శెప్పు" అంది.

మిగిలింది పెగడపల్లి. క్యాంపు రోజు నుంచి మహేశ్ ఆమెతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే పోచవ్వ ఎత్తేది. "వాడు పన్నడు బిడ్డా" అనేది, పగటిపూట కూడా నిద్రపోతున్నాడనే అనేది.

నవనీత వెళ్లేసరికి మహేశ్ వాకిట్లో కుర్చీలో కూర్చుని, పాదానికి కట్టు మార్చుకుంటున్నాడు. ఆమె పేపరు అతని చేతిలో పెట్టి అరుగు మీద కూర్చుంది. అతను పైనున్న ఆమె పేరు దగ్గర మొదలుపెట్టి కింద నంబరు దాకా చదివాడు. అంతసేపూ ఆమె అతని ముఖం వైపు చూడలేదు, ఊడ్చిన వాకిలి వైపే చూసింది.

"గా దినం మీటింగుల కెళ్లి ఎందుకు లేచి పోయినవన్నా? నా మీద కోపమచ్చిందా?" అని చివరికి ఆమే అడిగింది.

"కోపమేంది? గంత మందిల, గంత పెద్ద డాక్టరు ముంగట నువ్వొక్కదానివే నిలబడ్డవు. నేను గూడ లేసి, గిది మా చెల్లె, గీ కాలు నాది అందామనుకున్న. నోరు రాలే. సిగ్గై బయటికి పోయిన. మల్ల నీ ముఖం సూసుడు గూడ సిగ్గే అయింది."

"నేను రాసిననని గా దినమే తెలిసింది నీకు. తిట్టు, కొట్టు, ఏమన్న అను."

మహేశ్ కట్టు ముడి వేసి, పాదం మెల్లగా నేల మీద పెట్టాడు.

"గా దినం తెలిసిందనుకున్నవా? గా బొమ్మ కింద ఏమని ఉండె? కడుపుకు చెప్తె వినదు, కంచానికి చెప్పాలె అని ఉండె. గది మన అవ్వ మాట. హైదరాబాద్‌ల పుట్టిన డాక్టరుకు మన అవ్వ మాట ఎట్ల ఎరుకైతది? చదివిన నాడే అనుకున్న, గిది మా నవనీత రాసిందని."

నవనీత అరుగు దిగి అతని పక్కన నేల మీద కూర్చుంది. కళ్ల నీళ్లు వాటంతటవే కారాయి, తుడుచుకోలేదు.

"డాక్టర్ల మాట నేను ఎన్నడన్న విన్ననా చెల్లె? డాక్టరు చెప్పిండని బువ్వ ఇడిసిపెట్టలే. నువ్వు రాసినవని ఇడిసిపెట్టిన" అన్నాడు మహేశ్. పేపరు మడిచి ఆమె చేతికిచ్చాడు. "ఇగ ముంగట గూడ నీ మాటనే వింట. జర సూసి రాయి."